బ్లూస్ గీతములును రాక్ సంగీతమును – ఒక శ్రోత యభిప్రాయము

ఏటి పుట్టుకను, ఋషి పుట్టుకను విచారింపరాదని మన పెద్దలు చెప్పుదురు. సంగీతము విషయమున మాత్రము నేనీ మాటకు సమ్మతింపజాలను. పాశ్చాత్య సంగీతము విన మరగిన విద్యార్థులకు లెడ్ జెప్పెలిన్, క్రీమ్, రోలింగ్ స్టోన్స్ మున్నగు ఇంగ్లండు దేశపు బృందముల పేర్లు కంఠపాఠముగ నుండును. మడ్డీ వాటర్స్ ఎవరు, మెంఫిస్ మిన్నీ ఎవరు అని యడిగితిమా, ఒకరి మొగ మొకరు చూచుకొందురు. ఎఱిగిన కొలదిమందియు, బ్లూస్ అనునది మోటు సరకనియు, దానిని సానబట్టి రత్నముగ జేసినవారు రాక్ గాయకులే యనియు వాదింతురు. ఈ వాదము నిలువదు. బ్లూస్ ముడిసరకు గాదు. అది తనంతట తాను సంపూర్ణమైన కళ. రాక్ సంగీతమునందు ద్వేషముచే నేనిట్లు వ్రాయుటలేదు. దానియందు ప్రీతి కలవాడనగుటచేతనే వ్రాయుచున్నాను.

ఈ గీతములకు ముఖ్యమైన పుట్టినిల్లు అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రపు వాయవ్యభాగము. దానిని డెల్టా యందురు గాని, మన గోదావరి డెల్టావలె అది సముద్రతీరమున నున్నది కాదు. మిసిసిపీ, యాజూ నదుల నడుమనున్న ప్రత్తిభూమి. 1865వ సంవత్సరమున బానిసత్వము చట్టముచే రద్దయినను, అచ్చటి నల్లజాతివారిలో పెక్కండ్రకు సొంత భూమి చిక్కలేదు. దొర పొలమును పాలుకు సేద్యము చేయుట, దొర దుకాణముననే యప్పు తెచ్చుకొని తినుట, పంట చేతికి వచ్చి లెక్క చూచునప్పటికి మరల నప్పే మిగులుట – ఇదియే వారి సంవత్సరచక్రము. పొలములో కూలివారు ఎలుగెత్తి పాడుకొను కేకలనుండియు, పనిపాటలనుండియు, ప్రార్థనామందిరములలోని గీతములనుండియు ఈ పాట రూపొందినది.

దాని కట్టడి మిక్కిలి సులభము. నాలుగేసి మాత్రల ఆవర్తములు పండ్రెండు. మొదట నొక చరణము పాడుదురు. దానినే మరల పాడుదురు. మూడవ చరణము ఆ రెంటికిని సమాధానము చెప్పును. ప్రతి చరణమునకు పిమ్మట గాయకుడు నోరు మూయగా గిటారు మాటలాడును. బుఱ్ఱకథలో కథకునకు వంతలు పలికినట్లన్నమాట. ఇక స్వరముల సంగతి. గాంధార నిషాదములను వారు తమ స్థానములనుండి కొంచెము దించి, అటు నిటు గాని చోట నిలిపి పాడుదురు. హార్మోనియపు మెట్టుపై ఆ స్వరము దొరకదు. గమకము నెఱిగిన మన చెవికి ఇది వింత గాదు. సీసామెడను వ్రేలికి దొడిగికొని తంత్రులపై జరపుచు వారు వాయించు పద్ధతి విన్నచో గోటువాద్యము తప్పక జ్ఞప్తికి వచ్చును. ఇంత కొద్దిపాటి సామగ్రితో వారు చెప్పిన సంగతులెన్ని! వియోగము, ప్రయాణము, అప్పు, వఱద, జైలు, సారాయి, హాస్యము. బ్లూస్ అనగా ఏడుపుపాట యని కొందఱు తలంతురు; పొరపాటు. అందులో సగము ఎగతాళి.

రాబర్ట్ జాన్సన్ అను గాయకుని గూర్చి యొక కట్టుకథ దేశదేశముల వ్యాపించినది. అతడు నడిరేయి నాలుగుదారులు కలియుచోట నిలిచి సైతానుకు తన యాత్మ నమ్మి గిటారు విద్య సంపాదించెనట! సత్యమేమనగా, అతడు హేజిల్‌హర్స్ట్ ప్రాంతమున ఐక్ జిమ్మర్మన్ అను పెద్దవానియొద్ద శిష్యరికము చేసెను. ఇతరులకు నిద్రాభంగము కాకుండ వారిరువురును రాత్రులు శ్మశానమున గూర్చుండి సాధన చేసెడివారని జిమ్మర్మన్ కుమార్తె చెప్పినది. సాధనఫలమును సైతానునకు కట్టబెట్టుట నాకు సుతరామును రుచింపదు. తెల్లవాడు బాగుగ వాయించినచో ప్రతిభ యనియు, నల్లవాడు వాయించినచో క్షుద్రవిద్య యనియు చెప్పుట ఏమి న్యాయము? జాన్సన్ 1936 నవంబరులో శాన్ ఆంటోనియోయందును, 1937 జూనులో డల్లాసునందును 29 పాటలను రికార్డుల కిచ్చి, 1938లో నిరువదియేడేండ్ల ప్రాయముననే మరణించెను. 1961లో ఆ పాటలు కొన్ని మరల వెలువడగా ఇంగ్లండులోని ఎరిక్ క్లాప్టన్ వంటి యువకులు వానిని విని తమ జీవితమార్గమును నిర్ణయించుకొనిరి.

సైతానుపాట యని దూషించువారికి మఱియొక సంగతి. టెక్సాస్ రాష్ట్రపు అంధగాయకుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ క్రైస్తవగీతములు దప్ప వేఱు రికార్డు చేసినవాడు కాడు. కాని ఆతని గిటారు పలుకు అచ్చపు బ్లూస్. 1927లో అతడు మాటలు లేక కేవలము మూలుగుచు పాడిన యొక గీతము 1977లో వాయేజర్ వ్యోమనౌకలలోని బంగారుపూత రికార్డున కెక్కి సూర్యమండలపు హద్దులు దాటిపోయినది.

మడ్డీ వాటర్స్ స్టోవాల్ అను ప్రత్తితోటలో పనివాడు. 1941లో అమెరికా జాతీయ గ్రంథాలయము పక్షమున వచ్చినవారు ఆతని పాటను రికార్డు చేసి, అతనికే వినిపించిరి. తన కంఠము తాను విన్న పిమ్మట అతనికి ధైర్యము కలిగినది. 1943లో చికాగో నగరము చేరెను. అచ్చటి పానశాలల రొదలో కొయ్య గిటారు వినబడదు గనుక విద్యుత్తు గిటారు చేపట్టెను. రాక్ సంగీతపు గర్జన యంతయు ఈ చిన్న యవసరములోనుండి పుట్టినదని నేను చెప్పినచో అతిశయోక్తి కొంచెమే. 1950లో అతడు పాడిన యొక పాట పేరునే 1962లో లండను యువకులు తమ బృందమునకు పెట్టుకొని రోలింగ్ స్టోన్స్ అయిరి. వారు కృతఘ్నులు గారు. 1965లో అమెరికా టెలివిజనున తమకు పిలుపు వచ్చినపుడు, చికాగో బ్లూస్ గాయకుడైన హౌలిన్ వుల్ఫ్‌ను గూడ రప్పించి, ఆతని పాదములకడ గూర్చుండి ఆతని పాట వినిరి.

అందఱును అట్టివారు కారు. ఇచ్చట నా ముఖ్యమైన ఫిర్యాదు చెప్పవలసియున్నది. విల్లీ డిక్సన్ అను రచయిత వ్రాసి, మడ్డీ వాటర్స్ 1962లో పాడిన యొక పాటలోని మాటలను తీసికొని లెడ్ జెప్పెలిన్ వారు 1969లో తమ పేరుతో ప్రచురించిరి. ఆ పాట వారికి గొప్ప కీర్తిని, ధనమును తెచ్చినది. డిక్సన్ 1985లో వ్యాజ్యము తెచ్చెను. 1987లో రాజీ జరిగినది. తరువాతి ముద్రణములలో ఆతని పేరు చేరినది. పదునెనిమిదేండ్లు! "జానపదుల సొత్తు అందఱిదియు" నని కొందఱు మిత్రులు సమాధానము చెప్పుదురు. నేనొప్పను. డిక్సన్ అజ్ఞాత జానపదుడు కాడు. చికాగోలోని చెస్ కంపెనీలో కలము పట్టి జీవనము చేసిన రచయిత. బ్లూస్ గాయకులు తమలో తాము చరణముల నిచ్చిపుచ్చుకొనిన మాట నిజమే. ఒకే వీథిలోని బీదలు చేబదులు తీసికొనుట వేఱు, ధనికుడు వచ్చి బీద యింట సొమ్ము తీసికొనిపోయి తనదనుట వేఱు. పేరు వ్రాసిన నేమి పోవును? క్రీమ్ బృందమువారు స్కిప్ జేమ్స్ 1931లో పాడిన పాటను 1966లో తాము పాడి, ఆతని పేరే వేసిరి. అప్పటికి వ్యాధిగ్రస్తుడై యుండిన యా వృద్ధునకు దానివలన వచ్చిన సొమ్ము చికిత్సకు పనికివచ్చినది. 1969లో అతడు మరణించెను. ఒక్క అక్షరపంక్తిలో నున్న భేదమిది.

విద్యను గూర్చియు నొక మాట. రాక్ వాద్యగాండ్రలో చాలమంది వేగమును గొప్పగా తలంతురు. క్రీమ్ 1968లో ప్రకటించిన రాబర్ట్ జాన్సన్ పాట వేగముగనున్నను నాకు మిక్కిలి ఇష్టమే. జిమీ హెండ్రిక్స్ బ్లూస్ వాయించినప్పుడు నేను మాఱు పలుకను. వారి ననుకరించినవారి పది నిమిషముల తంత్రీతాడనము మాత్రము నాకు తలనొప్పి. బి. బి. కింగ్ (1925–2015) వేయి స్వరముల చోట నొక్క స్వరమును వాయించి, వ్రేలితో దానిని వణకించి, పిదప మౌనముగ నుండును. 1964లో చికాగోలోని రీగల్ నాటకశాలలో ఆతడు చేసిన కచేరీ రికార్డును విన్నవారికి ఆ మౌనములో ప్రేక్షకులు వేయు కేకలు గూడ పాటలో భాగమే యని తోచును.

1927లో మిసిసిపీ నది గట్లు తెగి లక్షలకొలది జనులు నిరాశ్రయులైరి. గట్టు నిలుపుటకు నల్లజాతి కూలీలచే బలాత్కారముగ పని చేయించిరి. ఆ వఱదను గూర్చి మెంఫిస్ మిన్నీయు, ఆమె భర్త జో మెకాయియు 1929లో ఒక పాట రికార్డు చేసిరి. దానినే లెడ్ జెప్పెలిన్ వారు 1971లో పాడిరి. ఈసారి మిన్నీ పేరును తమ పేర్లతోపాటు చేర్చిరి. ఒక పాతభవనపు మెట్లదారియొద్ద మద్దెలలు పెట్టి, ఎత్తునుండి మైకులు వ్రేలాడదీసి పట్టిన యా ధ్వని నిజముగ వఱద వచ్చినట్లే యుండును. గొప్ప రికార్డే. పక్షవాతముతో పేదరికమున దినములు గడపిన మిన్నీ 1973లో మరణించినది. ఆమె సమాధికి తగిన శిలాఫలకము 1996లో గాని యమరలేదు. దానికి సొమ్మిచ్చినది బానీ రైట్ అను గాయని.

ఈ రెండు రికార్డులును నేడు సులభముగ దొరకును. ముందుగా 1929 నాటిది వినుడు. రెండు గిటారులు, ఒక కంఠము, పాత రికార్డు గరగర. మద్దెలలు లేవు. చెవి దానికి అలవాటుపడువఱకు రెండు మూడు మాఱులు వినుడు. రెండవ రికార్డు జోలికి తరువాత పోవచ్చును. వరుస మార్చితిరా, ఆ మద్దెలల మ్రోతకు దిమ్మెక్కిన చెవికి మొదటి దానిలోని రెండు గిటారుల సంభాషణ వినబడదు.