జెండా ఊపితే సరిపోదు, పెడల్ తొక్కాలి

ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డు మీదో, విశాఖ బీచ్ రోడ్డు మీదో ఏదో ఒక రన్ను, వాకథాన్, సైకిల్ ర్యాలీ జరుగుతూనే ఉంటుంది. ఏదో ఒక మంచిపని కోసమే. అందరికీ ఒకే రంగు టీషర్టులు. ఆరింటికి మొదలు కావాల్సింది ఏడున్నరకి గానీ కదలదు. ఎందుకంటే హీరోగారు రావాలి. ఆయన వస్తారు, నాలుగు మంచి మాటలు చెప్తారు, జెండా ఊపుతారు, సైకిలెక్కి ఫొటో దిగుతారు. ఆ ఫొటోలో ఒక కాలు పెడల్ మీద ఉంటుంది, రెండోది నేల మీదే ఉంటుంది. పది నిమిషాల్లో కారు కదిలిపోతుంది. మిగతావాళ్ళు తొక్కుకుంటూ పోతారు.

ఆయన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన రాకపోతే ఆ కార్యక్రమం పేపర్లో పడదు, టీవీలో రాదు. ఆ పది నిమిషాలు కూడా సాయమే. కానీ పేరున్నవాళ్ళు జెండా ఊపేసి వెళ్ళిపోకుండా, జనంలో కలిసి చివరిదాకా తొక్కితే ఏమవుతుంది? ఈ వారం దాని గురించి చెప్పుకుందాం.

2025 సెప్టెంబర్ 7, ఆదివారం. స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరం. ఊళ్ళో ఉన్న సైక్లింగ్ స్టేడియం దగ్గర వేల మంది సైకిళ్ళతో నిలబడ్డారు. ఆ స్టేడియం పేరు సర్ క్రిస్ హోయ్ వెలొడ్రోమ్. ఆ క్రిస్ హోయ్ కూడా వాళ్ళ మధ్యే ఉన్నాడు, సైకిల్ పట్టుకుని. తన పేరు పెట్టిన స్టేడియం ముందు నుంచి, తానే పిలిచిన జనంతో కలిసి బయల్దేరాడు. ఆ రైడ్‌కి ఆయన పెట్టిన పేరు 'టూర్ డి 4'.

నాలుగు అంటే నాలుగో దశ. క్యాన్సర్‌లో ఆఖరి దశగా మనం చెప్పుకునేది. హోయ్‌కి ఉన్నది అదే.

ఈయనెవరో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1976లో ఎడిన్‌బరోలో పుట్టాడు. చిన్నప్పుడు 'ఈ.టీ.' సినిమాలో పిల్లలు సైకిళ్ళ మీద దూసుకుపోయే సీన్ చూసి తనకీ అలాంటి సైకిల్ కావాలన్నాడట. వాళ్ళమ్మ అయిదు పౌండ్లు పెట్టి ఒక పాత సైకిల్ కొనిపెట్టింది. ఆ సైకిల్‌తో మొదలైన కుర్రాడు 2004 ఏథెన్స్‌లో ఒకటి, 2008 బీజింగ్‌లో మూడు, 2012 లండన్‌లో రెండు, మొత్తం ఆరు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. ఏనుగు తొండాల్లాంటి తొడలు. ఒంట్లో జబ్బు అనే మాటకి చోటే లేదనిపించే మనిషి.

2023లో ఆ మనిషికి భుజం నొప్పి వచ్చింది. జిమ్‌లో బరువులెత్తినప్పుడు పట్టేసి ఉంటుందనుకున్నాడు. మనమైనా అంతే అనుకుంటాం కదా. తగ్గకపోయేసరికి స్కాన్ తీయించుకున్నాడు. భుజంలో కణితి కనబడింది. అది అక్కడ పుట్టింది కాదు. అసలు క్యాన్సర్ ప్రోస్టేట్ గ్రంథిలో మొదలై ఎముకలకి పాకింది. అప్పటికి ఆయన వయసు 47. రెండు నుంచి నాలుగేళ్ళని డాక్టర్లు చెప్పారు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. అది చాలదన్నట్టు, ఆ ఏడాది చివర్లో భార్యకి మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉందని తేలింది.

2024 ఫిబ్రవరిలో క్యాన్సర్ ఉందని మాత్రం చెప్పాడు. నయం కాని దశలో ఉందన్న సంగతి అక్టోబర్‌లో బయటపెట్టాడు. అలా చెప్పాక 48 గంటల్లో, ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవ వెబ్‌సైట్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్ లక్షణాల పేజీ చూసేవాళ్ళ సంఖ్య దాదాపు ఏడు రెట్లయింది. అన్నేళ్ళుగా అదే పేజీ, అవే మాటలు. ఒక్క మనిషి 'నాకొచ్చింది' అనేసరికి వేల మంది మగాళ్ళు తలుపేసుకుని ఫోన్లో వెతుక్కున్నారు. పేరుకున్న బలం ఇదే.

హోయ్ అక్కడితో ఆగితే అది ఇంటర్వ్యూగానే మిగిలేది. ఆయనకి తెలిసిన పని సైకిల్ తొక్కడం. నాలుగో దశ అనగానే మంచం, సెలైన్ బాటిల్, పక్కన ఏడుస్తున్న బంధువులు గుర్తొస్తారు కదా, ఆ బొమ్మ చెరిపేయాలనుకున్నాడు. నాలుగో దశలో ఉన్నవాళ్ళూ బతుకుతారు, నవ్వుతారు, ఓపికుంటే సైకిలూ తొక్కుతారు అని చూపించడానికే ఈ రైడ్. ఎవరి ఓపికకి తగ్గట్టు వాళ్ళు ఎంచుకోవడానికి పొడుగు దారీ పెట్టారు, పొట్టి దారీ పెట్టారు. అదే దశలో ఉన్నవాళ్ళు కూడా వచ్చారు.

వాళ్ళతోబాటు పేరున్నవాళ్ళూ వచ్చారు. టెన్నిస్‌లో రెండుసార్లు వింబుల్డన్ గెలిచిన ఆండీ ముర్రే వచ్చాడు. ఆయన తుంటికి ఆపరేషనై లోహం అమర్చి ఉంది. టూర్ డి ఫ్రాన్స్‌లో 35 స్టేజీలు గెలిచి రికార్డు కొట్టిన మార్క్ కావెండిష్ వచ్చాడు. వీళ్ళిద్దరూ హోయ్‌లాగే 'సర్' బిరుదున్నవాళ్ళే. ఇంతమంది సర్‌లు వేదిక మీద వరసగా కూర్చుని శాలువాలు కప్పించుకోలేదు. హెల్మెట్ పెట్టుకుని జనంలో పడ్డారు.

చివరికి పోగైన డబ్బు 20 లక్షల పౌండ్లు దాటింది. మన లెక్కలో 23 కోట్లకి పైమాటే. అంతా క్యాన్సర్ సేవా సంస్థలకి.

ఇంత డబ్బు ఎలా వస్తుంది? మన దగ్గర చారిటీ అంటే ఒక కంపెనీ పెద్ద అట్ట చెక్కు ఇవ్వడం, దాన్ని నలుగురు పట్టుకుని నిలబడటం. అక్కడ పద్ధతి వేరు. రైడ్‌లో పేరు రాయించుకున్న ప్రతి మనిషీ తనకి తెలిసినవాళ్ళని అడుగుతాడు. 'నేను ఇన్ని మైళ్ళు తొక్కుతున్నాను, ఫలానా సంస్థ కోసం, నీ వంతు ఎంత?' అని. మేనమామ పది పౌండ్లు, పక్కింటాయన అయిదు, ఆఫీసులో బాసు యాభై. ఒక్కొక్కరిదీ చిన్న మొత్తమే. వేల మంది అలా అడిగితే కోట్లవుతాయి. చిన్నప్పుడు వినాయక చవితి పందిరికి ఇల్లిల్లూ తిరిగి చందా వసూలు చేసిన అనుభవం మనకూ ఉంది. తేడా ఏమిటంటే అడిగేవాడు ముందు తన ఒళ్ళు వంచాలి.

ఈ పద్ధతి నిన్నా మొన్నా పుట్టింది కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 'పాన్-మాస్ ఛాలెంజ్' అని ఒక సైకిల్ రైడ్ ఉంది. క్యాన్సర్‌తో తల్లిని పోగొట్టుకున్న బిల్లీ స్టార్ అనే ఆయన 1980లో 36 మందితో మొదలుపెట్టాడు. ఆ ఏడు వచ్చింది 10,200 డాలర్లు. ప్రతి ఆగస్టులోనూ తొక్కుతూ తొక్కుతూ 2024 నాటికి మొత్తం వంద కోట్ల డాలర్లు దాటించారు. బోస్టన్‌లోని డేనా-ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి ఆ డబ్బు వెళ్తుంది. అక్కడ ఇంకో నియమం ఉంది. ఇంత తెస్తానని మాటిచ్చి తేలేకపోతే, తక్కువపడింది మీ క్రెడిట్ కార్డు నుంచే పట్టుకుంటారు. మాటంటే మాటే!

ఆ రైడ్‌లో చాలాసార్లు తొక్కినవాళ్ళలో జాన్ కెరీ ఒకరు. 2004లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిపోయి, తర్వాత విదేశాంగ మంత్రి అయిన ఆయనే. ఆయనకీ ప్రోస్టేట్ క్యాన్సరే. ఎన్నికల ప్రచారం మొదలుపెట్టిన రోజుల్లోనే, 2003 ఫిబ్రవరిలో ఆపరేషన్ చేయించుకున్నారు. ఆయన తండ్రి అదే జబ్బుతో పోయారు. తండ్రి సంగతి కొడుక్కి తెలుసు. కొడుకు ముందే పట్టుకున్నాడు. ఎనభై దాటినా ఇంకా మన మధ్య ఉన్నాడు.

నాయకులు తొక్కితే ఇంకో లాభం కూడా ఉంది, నవ్వుకోవచ్చు. 2013లో లండన్‌లో వంద మైళ్ళ రైడ్ మొదటిసారి పెట్టినప్పుడు అప్పటి మేయర్ బోరిస్ జాన్సన్ కూడా దిగాడు. పూర్తి చేయడానికి 8 గంటలు దాటింది. బాగా తొక్కేవాళ్ళు అందులో సగం టైములో స్నానం చేసి కాఫీ తాగుతుంటారు. అయినా పూర్తిచేశాడు. మేయర్ అయినంత మాత్రాన ఎత్తు తగ్గదు కదా, ఎవరి కాళ్ళు వాళ్ళే కదపాలి.

ఇక్కడికి వచ్చేసరికి నాకు మా పెదనాన్న గుర్తొస్తున్నారు. ఆయన సైకిల్ మీదే జీవితమంతా తిరిగారు. స్కూలుకి, పొలానికి, సంతకి అన్నిటికీ సైకిలే. చివరి రెండేళ్ళలో నడుం నొప్పి అనేవారు. రాత్రి నాలుగైదు సార్లు లేచేవారు. ఏమైంది పెదనాన్నా అంటే, 'ఏముందిరా, వయసు' అనేవారు. ఆయన పోయాక బీరువాలో పంచెల కింద ఒక ఆసుపత్రి ఫైలు దొరికింది. రెండేళ్ళ కిందటి తేదీ. ప్రోస్టేట్ క్యాన్సర్ అని రాసుంది. ఆయనకి తెలుసు. పెద్దమ్మకి కూడా చెప్పలేదు. 'ఆ చోటు' జబ్బు గురించి కొడుకులతో ఎలా మాట్లాడాలో ఆయనకి తెలియలేదు, అంతే.

ఆయన దాచుకున్నది తన జబ్బు ఒక్కటే కాదు. తన కొడుకులకి తెలియాల్సిన సంగతి కూడా దాచారు. ఎందుకంటే తండ్రికో, అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే మిగతావాళ్ళకి వచ్చే అవకాశం రెట్టింపుకి పైగా ఉంటుంది. హోయ్ ఇంట్లో కూడా తాతకీ తండ్రికీ వచ్చింది. అందుకే ఇలాంటి కుటుంబాల్లోని మగవాళ్ళకి 45 ఏళ్ళ నుంచే పరీక్ష చేయాలని ఆయన పోరుతున్నాడు.

మన ఆడవాళ్ళు ఈ విషయంలో ముందున్నారు. రొమ్ము క్యాన్సర్ గురించి ఒకప్పుడు గుసగుసగా కూడా మాట్లాడేవాళ్ళు కాదు. ఇవాళ గులాబీ రంగు టీషర్టులేసుకుని రోడ్డు మీద పరుగెడుతున్నారు. మగాళ్ళమేమో, మీసం తిప్పుతాం గానీ మూత్రం సంగతి డాక్టర్‌తో చెప్పడానికి గొంతు పెగలదు.

నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, రాత్రి మాటిమాటికీ లేవాల్సి రావడం, ధార సరిగ్గా రాకపోవడం అన్నీ క్యాన్సరే కావు. వయసుతో గ్రంథి ఉబ్బడం వల్ల ఎక్కువమందికి అలా అవుతుంది. దానికి మందులున్నాయి. రెండు, క్యాన్సర్ మొదట్లో ఏ లక్షణమూ కనబడకపోవచ్చు. హోయ్‌కి భుజం నొప్పి తప్ప ఇంకేం తెలియలేదు. మూడు, పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష ఉంది. అందులో అంకె ఎక్కువ వచ్చినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, తక్కువ వస్తే పూర్తిగా నిశ్చింత అనీ కాదు. అందుకే యాభై దాటినవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా వచ్చినవాళ్ళయితే ఇంకా ముందే, డాక్టర్‌తో మాట్లాడి అప్పుడు చేయించుకోవాలి. నాలుగోది సైకిల్ తొక్కేవాళ్ళకి ప్రత్యేకం. గట్టిగా సైకిల్ తొక్కితే ఆ అంకె కాస్త పెరగొచ్చు. పరీక్షకి ముందు రెండు రోజులు సైకిల్‌కి సెలవివ్వండి.

మన ఊళ్ళలోనూ ఇలాంటి రైడ్ ఒకటి పెడితే బాగుంటుంది. ఏ పెద్ద హీరోనో, క్రికెటరో జెండా పక్కన పెట్టి, పది కిలోమీటర్లు జనంతో తొక్కి, 'మా నాన్నకి వచ్చిందండీ' అనో, 'నేను పరీక్ష చేయించుకున్నానండీ' అనో ఒక్క మాట అంటే చాలు. ఆ మర్నాడు ఎన్ని ఇళ్ళలో ఎంతమంది మగాళ్ళు నోరు విప్పుతారో ఊహించండి.

అంతవరకూ ఆగక్కర్లేదు కూడా. మీ తాతగారు ఏ జబ్బుతో పోయారో మీకు తెలుసా? చాలామంది ఇళ్ళలో జవాబు ఒకటే, 'ఒంట్లో బాగోక పోయాడు' అని. ఈ ఆదివారం మీ నాన్నగారి పక్కన కూర్చుని అడగండి. ఫోన్‌లో వద్దు, ఎదురుగా అడగండి. 'మనింట్లో ఎవరికైనా వచ్చిందా నాన్నా? నీకెలా ఉంది?' అని. మొదట 'ఏం లేదులేరా' అంటారు. అక్కడే లేచి వచ్చేయకండి. ఇంకో కాఫీ పెట్టించుకుని కూర్చోండి.

మా పెదనాన్నని నేను ఆ రెండోసారి అడగలేదు.