వెల లేని యాటల వెల

ధనమొడ్డి యాడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులో పార్లమెంటు శాసనము చేసినది. మేము హర్షించితిమి. కాని ఉచితముగా లభించు ఆటల మాట యేమి?

2012లో వెలువడిన క్యాండీ క్రష్ సాగానే చూడుడు. ఆడువానికి అయిదు ప్రాణములు. ఓడినప్పుడెల్ల ఒకటి పోవును. అది తిరిగి వచ్చుటకు అరగంట పట్టును. ఓపిక లేనివాడు సొమ్మిచ్చి కొనవలెను. ఉన్నవాడు వేచి మరల ఫోను తీయవలెను. ప్రాణములు నిండినవని ఆటయే కబురంపును. బస్సుకొరకు నిలిచినపుడు, భోజనానంతరమున, నిద్రకు ముందు, మన తీరికను బట్టి ఆడుచున్నామని తలంతుము. నిజమునకు మన దినచర్యకు గంట కొట్టుచున్నది ఆటయే.

శ్రమించినవానికి వినోదము కూడదని మేమనము. మన పెద్దలు అరుగులపై పులిజూదమాడిరి. పొద్దు వాలగానే లేచి పనులకు బోయిరి; నేలపై గీసిన గళ్లు వారిని వెనుకకు పిలువలేదు. భేదమిదియే.

శాసనము మన ధనమును కాపాడవచ్చును. కాలమును కాపాడుకొనవలసినవారము మనమే. ఆ పిలుపులను మాన్పు మీట ప్రతి ఫోనునందును గలదు. పాఠకులు నేటి రాత్రియే దానిని నొక్కి, ఆడు వేళను తామే నిర్ణయించుకొందురు గాక!