నవ్వులాట పేరుతో సాటి కార్మికుణ్ణి ఏడిపిస్తే యూనియన్ చూస్తూ ఊరుకోవాలా?



ఈసారి పగార్ ఒప్పందం గురించి గాని, బోనస్ గురించి గాని రాయకుండా అమెరికా ఫుట్‌బాల్ గురించి రాస్తున్నామేమిటని కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. సెక్రటరీకి పని లేక ఆటల పేజీ మొదలుపెట్టాడని చాయ్ కొట్టు దగ్గర అనుకునేవారూ ఉంటారు. అనుకోండి, కాని చివరిదాకా చదివాక అనుకోండి.

ముందు ఆ ఆట సంగతి. ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసింది కాలితో తన్నే ఆట. అమెరికాలో ఆ పేరుతో ఆడేది వేరు. కోలబంతిని చేత పట్టుకుని పరుగెత్తాలి, అడ్డం వచ్చినవాణ్ణి ఒంటి బలంతో తోసెయ్యాలి. ఆడేవాళ్లు లక్షల డాలర్లు తీసుకుంటారు, నిజమే. అయినా వాళ్లు జీతగాళ్లే, జట్లు యజమానులవి. 1956 నుంచి వాళ్లకు యూనియన్ ఉంది. బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెలో ఉన్న 1982లోనే ఆ ఆటగాళ్లు కూడా 57 రోజులు సమ్మె చేశారు. 1987లో మళ్లీ దిగితే యజమానులు బయటి మనుషుల్ని తెచ్చి ఆటలు నడిపించి సమ్మె విరిచారు. ఈ విద్య మన యజమానులకూ తెలిసిందే. అందుచేత వాళ్లు బట్టలు మార్చుకునే గది, లాకర్ రూమ్ అంటారు దాన్ని, మన ఖాతా లాంటిదే అనుకుని చదవండి.

మయామీ నగరంలో డాల్ఫిన్స్ అనే జట్టు ఉంది. 2012లో అందులోకి జోనథన్ మార్టిన్ అనే కుర్రవాడు వచ్చాడు. నల్లజాతి మూలాలున్నవాడు, స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో చదివినవాడు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి, బరువు 140 కిలోల పైచిలుకు. ఇంత మనిషిని ఎవరేం చేస్తారు అనిపిస్తుంది. 2013 అక్టోబర్ 28న అతను భోజనాల గదిలో పళ్లెం తెచ్చుకుని తన తోటి ఆటగాళ్ల బల్ల దగ్గర కూర్చోబోయాడు. అందరూ ఒక్కసారిగా లేచి వెళ్లిపోయారు. అది వాళ్లు ముందే అనుకుని చేసిన నవ్వులాట. అతను పళ్లెం నేలకు కొట్టి బయటికి నడిచాడు. మళ్లీ ఆ జట్టుకు ఆడలేదు. పంక్తిలో ఒకడు కూర్చుంటే మిగిలినవాళ్లు లేచిపోవడం అంటే ఏమిటో మన దేశంలో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

గొడవ పత్రికలకెక్కింది. లీగువారు టెడ్ వెల్స్ అనే వకీలును విచారణకు పెట్టారు. 2014 ఫిబ్రవరి 14న 144 పేజీల నివేదిక వచ్చింది. రిచీ ఇన్‌కాగ్నిటో అనే సీనియర్ ఆటగాడు, మరో ఇద్దరు కలిసి మార్టిన్‌ను ఎడతెగకుండా వేధించారని అందులో తేల్చారు. అతని జాతిని గురించి, తల్లిని గురించి, తోబుట్టువును గురించి పలికిన మాటలు ఇక్కడ రాయదగినవి కావు. అతను వెళ్లని ఒక విహారయాత్రకు అతని చేత డబ్బు కట్టించారు. మరో కుర్ర ఆటగాణ్ణీ, జపాన్‌లో పుట్టిన ఒక సహాయక ట్రైనర్‌నూ కూడా ఇలాగే ఏడిపించారు. మార్టిన్‌కు చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చాయని కూడా ఆ నివేదికలో ఉంది. ఈ ఇన్‌కాగ్నిటో ఎవరనుకున్నారు? ఆటగాళ్ల పెద్దల కమిటీలో సభ్యుడు.

అన్నిటికంటే మమ్మల్ని ఆపి ఆలోచింపజేసింది ఒక నోటుపుస్తకం. ఆ ఆటగాళ్లు తమలో తాము జరిమానాలు వేసుకుని అందులో రాసుకునేవారు. ఆలస్యంగా వస్తే ఇంత, పిరికివాడిలా ఉంటే ఇంత. మార్టిన్ వెళ్లిపోయాక ఇన్‌కాగ్నిటో తన పేరు మీదే 200 డాలర్లు రాసుకున్నాడు. కారణం అని రాసింది: మార్టిన్‌ను విరగ్గొట్టినందుకు. అంతటితో ఆగక, వేధింపు పడి కూడా ముందుగా విరగనందుకు ఇంకొక ఆటగాడికి బహుమానం రాశాడు. విచారణ వస్తుందని తెలియగానే ఆ పుస్తకం నాశనం చెయ్యమని తోటివాళ్లకు కబురు పంపాడు. పుస్తకం మాత్రం విచారణవాళ్ల చేతికి చిక్కింది.

జరిమానాల మీద మన తాతలు ఎంత పోరాడారో ఒకసారి గుర్తు చేసుకోండి. గుడ్డ మీద మరక పడితే కోత, పోగు తెగితే కోత, పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు కోత. ఆ పోరాటాల ఫలితంగానే 1936లో వేతన చెల్లింపుల చట్టం వచ్చి, యజమాని ఇష్టం వచ్చినట్టు జరిమానా వెయ్యడానికి వీలులేకుండా హద్దు పెట్టింది. యజమాని చెయ్యకూడని పనిని కార్మికుడు కార్మికుడికి చేస్తే దాన్ని ఏమనాలి?

ఇన్‌కాగ్నిటో చెప్పుకున్నది కూడా చెప్పాలి. మేమిద్దరం మిత్రులం, మా మధ్య వెయ్యికి పైగా సందేశాలు నడిచాయి, అతనూ నవ్వేవాడు, అతనూ ఎదురు మాటలు అనేవాడు, మా గదిలో అందరం ఇలాగే మాట్లాడుకుంటాం అన్నాడు. అతణ్ణి జట్టులోంచి వెళ్లగొట్టాలన్న ఉద్దేశం వాళ్లకు లేదని నివేదిక కూడా ఒప్పుకుంది. పన్నెండేళ్ల తరువాత 2025లో మార్టిన్ కూడా, తనను వేధించారని తాను ఎన్నడూ అనుకోలేదని ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. కథ అంత సూటిగా లేదన్నమాట. అతని మనసులో మాట అతనికే తెలుసు, దాన్ని మేము కాదనం. అయితే పదిమందిలో ఏడిపింపబడినవాడు అని జీవితాంతం పిలిపించుకోవడం ఏ మగవాడికి ఇష్టం? అతని మాట పక్కన పెట్టినా పుస్తకంలో రాత ఉంది, ఆ జపాన్ ట్రైనర్ ఉన్నాడు, రెండో కుర్రవాడు ఉన్నాడు. నలుగురు నవ్వుతుంటే నడుమ ఉన్నవాడు కూడా నవ్వుతాడు. నవ్వకపోతే ఏమవుతుందో వాడికి తెలుసు.

ఇది ఒక్క మయామీ సంగతి కాదు. 1998లో న్యూ ఆర్లియన్స్ జట్టులో కొత్తవాళ్లను వరుసగా నిలబడ్డ పాతవాళ్ల మధ్య నుంచి పరుగెత్తించి కొట్టారు. ఎవరో నాణేలు నింపిన సంచితో కొడితే కామ్ క్లీలాండ్ అనే కుర్రవాడి కంటికి పెద్ద దెబ్బ తగిలింది. 2010లో డాలస్ జట్టులో డెజ్ బ్రయంట్ అనే కొత్తవాడు, నేను ఆడడానికి వచ్చాను గాని సీనియర్ సామాను మొయ్యడానికి కాదు అన్నాడు. కొద్ది వారాలకు జట్టువాళ్లందరూ కలిసి తిని తాగిన హోటల్ బిల్లు, 54,896 డాలర్లు, అతని నెత్తిన వేశారు. ధనవంతుల సరసం అని మనం నవ్వుకోవచ్చు. కాని మొదటి పగార్ నాడు కొత్త డాఫర్ కుర్రాడి జేబులోంచి లైనంతటికీ చాయ్, భజ్జీ తినేది ఎవరు?

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. మార్టిన్ పైవాళ్లకు ఎందుకు చెప్పలేదు? వేధింపులు కూడదని జట్టు యాజమాన్యం కాగితం రాసి అందరి చేతా సంతకాలు చేయించింది. ఆ కాగితాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు. దానికంటే గట్టి చట్టం ఇంకొకటి ఆ గదిలో నడిచేది. తోటివాణ్ణి పట్టిచ్చేవాడు యూదా, అంటే ఏసుక్రీస్తును అమ్మేసినవాడితో సమానం. ఆ ద్రోహానికి కూడా జరిమానా ఉంది. ఆటగాళ్లకు తర్ఫీదునిచ్చే కోచ్ ఆపవలసినవాడు. ఆ ఏడిపింపుల్లో కొన్నింటిలో తానూ చేరాడు. నివేదిక వచ్చాక ఆ కోచ్‌నూ, ప్రధాన ట్రైనర్‌నూ ఉద్యోగంలోంచి తీసేశారు.

తోటి కార్మికుడి మీద యజమానికి చాడీ చెప్పకూడదనే నియమం మనదీ. మంచి నియమం. ఎవడు సమ్మె మాట ఎత్తాడు, ఎవడు చందా వసూలు చేశాడు అని మేనేజరు అడిగినప్పుడు నోరు విప్పని కార్మికుల వల్లనే ఈ యూనియన్ నిలబడింది. కాని ఆ నియమం యజమాని నుంచి మనల్ని కాపాడుకోవడానికి పుట్టింది. బలహీనుణ్ణి నలుగురు కలిసి కుమ్ముతుంటే, వాడి నోరు మూయించడానికి అదే నియమాన్ని వాడుకోవడం ఎక్కడి ఐక్యత? చెప్పుకోవడానికి యజమాని తప్ప ఇంకెవరూ లేకుండా చేసి, యజమానికి చెబితే ద్రోహి అంటే ఆ మనిషి ఎటు పోవాలి?

ఇన్‌కాగ్నిటోను జట్టు సస్పెండ్ చేసినప్పుడు అతని తరఫున యూనియన్ ద్వారానే ఫిర్యాదు దాఖలైంది. అది తప్పని మేము అనం. విచారణ లేకుండా శిక్ష వేస్తే ఎవడి తరఫునైనా మనమూ వేస్తాం. కాని ఆ గదిలో ఇద్దరూ ఒకే యూనియన్‌కు చందా కట్టేవాళ్లు. మొదటివాడు కష్టపడిన ఏడాదిన్నరలో అతను తన కష్టం పట్టుకుని యూనియన్ గడప ఎక్కలేదంటే, ఆ గడప అతనికి కనిపించలేదనే అర్థం. మనకు పాఠం అక్కడుంది.

ఇంకొక చిన్న సంగతి చెప్పి ముందుకు పోతాం. షికాగో దగ్గర నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి కాలేజీ ఆటగాళ్లు మేమూ కార్మికులమే, మాకూ యూనియన్ కావాలి అని 2014లో దరఖాస్తు పెట్టారు. కార్మిక బోర్డు ప్రాంతీయ అధికారి ఒప్పుకున్నాడు, ఓట్లు కూడా వేశారు. 2015లో పై బోర్డు ఇది మా పరిధిలో చేపట్టం అన్నది. ఆ ఓట్లు లెక్కపెట్టనే లేదు. 2023లో అదే జట్టులో కొత్తవాళ్లను అసభ్యంగా హింసిస్తున్నారని బయటపడి హెడ్ కోచ్‌ను తీసేశారు. యూనియన్ వచ్చి ఉంటే ఇది జరిగేది కాదని మేము గొప్పలు చెప్పం. మయామీలో యూనియన్ ఉండగానే జరిగింది.

ఇక మా సంగతి. 1980ల చివర మేము ఒక మిల్లులో స్పిన్నింగు ఖాతాలో బదిలీగా చేరాము. మొదటి వారం మా డబ్బా దాచారు. స్టోర్సుకు వెళ్లి లేని సామాను తెమ్మన్నారు. స్టోర్సు గుమాస్తా నవ్వు దాచుకుని ఇంకొక ఖాతాకు పంపాడు, అక్కడివాళ్లు మరొక చోటికి. మాకు ఏడుపు వచ్చింది గాని నవ్వాము. రెండేళ్లకు మేము పాతవాళ్లమయ్యాము. మేమూ చేశాము.

పాలమూరు వైపు నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. వాడి యాసను రోజంతా వెక్కిరించేవాళ్లం. మన సోలాపూర్ తెలుగేదో కాశీలో పుట్టినట్టు! ఒక రాత్రి పాళీలో వాడు గోడకు ఆనుకుని కునుకు తీస్తుంటే ఎవరో కాళ్లు రెండూ దారంతో బిగించి కట్టి, జాబర్ వస్తున్నాడని కేక వేశారు. వాడు లేచి పరుగెత్తబోయి నడుస్తున్న ఫ్రేము పక్కన బోర్లా పడ్డాడు. చెయ్యి జానెడు దూరంలో తప్పింది. అందరం నవ్వాము. మేము కట్టలేదు, కాని కట్టడం చూశాము, నవ్వాము. మర్నాడు వాడు రాలేదు. పనిచేసిన రోజుల పగార్ తీసుకోవడానికి కూడా రాలేదు. రిజిస్టరులో గైరుహాజరు అని రాశారు. అప్పటికే మేము యూనియన్ సభ్యులం, మా ఖాతాకు ప్రతినిధులం కూడా.

ఇప్పటి రోజుల్లో దారం కాదు, కంప్రెసర్ పైపు. యంత్రాల మీద దూది దుమ్ము ఊదడానికి ఉన్న గాలిపైపును తోటి కార్మికుడి మలద్వారం దగ్గర పెట్టి తమాషాకు వదిలారని, పేగులు పగిలి చనిపోయాడని మన దేశపు పత్రికల్లో వార్తలు వచ్చాయి, ఒకసారి కాదు, పలుమార్లు. ఆ గాలి ఒత్తిడికి లోపలి పేగు క్షణంలో చిరిగిపోతుంది. చేసినవాడు తమాషాకు చేశానంటాడు, నిజంగానే అనుకుని ఉంటాడు కూడా. పోయినవాడి పెళ్లాం పిల్లలకు ఆ మాట ఏం చేసుకోను? చేసినవాడు జైలుకు పోతే వాడి పిల్లలూ వీధిన పడతారు. కార్మికుల సొంత గొడవ అని యాజమాన్యం చేతులు దులుపుకుంటుంది.

కాలేజీల్లో ర్యాగింగ్‌ను నిషేధిస్తూ 1997లో ఆంధ్రప్రదేశ్, 1999లో మహారాష్ట్ర చట్టాలు చేశాయి. మిల్లులో కొత్తగా చేరే పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి అలాంటి చట్టం లేదు. వచ్చేదాకా మన ఏర్పాటు మనం చేసుకోవాలి.

మా ప్రతిపాదన ఇది. ప్రతి ఖాతాలో కొత్తవాళ్ల కష్టం వినడానికి యూనియన్ తరఫున ఒకరుండాలి. ఆ మనిషి జాబర్ కాకూడదు, జాబర్ బంధువు కూడా కాకూడదు. యూనియన్‌కు చెప్పుకోవడం చాడీ కాదని జనరల్ బాడీలో తీర్మానం చెయ్యాలి. నింద పడ్డవాడు కూడా మన సభ్యుడే గనుక వాడి మాట పూర్తిగా వినాలి, వినకుండా యాజమాన్యానికి అప్పగించకూడదు. మొదటి పగార్ విందు ఇష్టమున్నవాడు పెట్టుకుంటాడు. అడిగి పెట్టించుకోవడం మానాలి. దీని మీద పాత కార్మికుల్లో కొందరికి కోపం వస్తుందని తెలుసు. ఆ మాత్రం సరదా లేకపోతే ఎనిమిది గంటలు ఆ మోతలో ఎలా నిలబడతామని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు అన్నారు. వాళ్లు సభకు వచ్చి ఆ మాటే చెప్పాలని మా కోరిక. మాకూ ఆ సరదా తెలుసు.

గాలిపైపు విషయంలో మాత్రం సభ దాకా ఆగవద్దు. మనిషి వైపు పైపు తిప్పినవాడి చేతిలోంచి, వాడు ఎంత సీనియరైనా, అప్పటికప్పుడు లాక్కోండి. లాక్కున్నవాడి మీద మాట వస్తే ఆ బాధ్యత యూనియన్‌ది.