ఆట లేని నెలల లెక్క

ఫుట్‌బాల్ సీజన్ ఎంత పొడవుండాలన్న చర్చ కొన్నేళ్ళుగా ప్రపంచమంతటా సాగుతున్నది. విచిత్రమేమిటంటే, ఈ ప్రశ్నకు ఐరోపాలో ఒక అర్థమూ, మన దేశంలో దానికి సరిగ్గా విరుద్ధమైన అర్థమూ ఉన్నాయి. అక్కడిది అతివృష్టి, ఇక్కడిది అనావృష్టి. రెండింటికీ ఒకే మందు రాసే వైద్యుణ్ణి ఎవరూ నమ్మరు. కాని మన ఫుట్‌బాల్ విషయంలో అటువంటి వైద్యమే చెల్లుబాటవుతున్నది.

ముందు ఐరోపా సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండు ప్రీమియర్ లీగులో ఒక్కొక్క జట్టు ఏడాదికి 38 మ్యాచ్‌లు ఆడుతుంది. దేశంలోని కప్పులు, ఖండస్థాయి పోటీలు, జాతీయ జట్టు ఆటలు దానికి అదనం. 2024లో ఛాంపియన్స్ లీగు తొలి దశ మ్యాచ్‌లను జట్టుకు 6 నుంచి 8కి పెంచారు. 2025 వేసవిలో ఫిఫా 32 జట్లతో క్లబ్బుల ప్రపంచ కప్పు జరిపింది. ఇలాగే సాగితే ఆటగాళ్ళు సమ్మెకు దిగే రోజు ఎంతో దూరం లేదని మాంచెస్టర్ సిటీ ఆటగాడు రోడ్రి 2024 సెప్టెంబరులో అన్నాడు. కొద్ది రోజులకే మోకాలి గాయంతో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. సీజన్ తగ్గించాలని అక్కడివారు అడగడంలో న్యాయమున్నది.

ఈ వార్తలు చదివిన ఒక మిత్రుడు నాతో, “మన ఇండియన్ సూపర్ లీగును కుదించడం ఒకందుకు మంచిదే కదా, మనవాళ్ళ మోకాళ్ళయినా మిగులుతాయి” అన్నాడు. ఆ మాట హాస్యానికే అన్నాడు గాని, అటువంటి ఆలోచన చాలామందిలో ఉన్నదని నాకు తోచింది. అందుకే ఈ నాలుగు మాటలు.

మన లీగు నిడివి చరిత్ర చూడండి. 2014 అక్టోబరు 12న 8 జట్లతో మొదలైన ఇండియన్ సూపర్ లీగు డిసెంబరు 20న ముగిసింది. పది వారాలు! లీగు దశలో జట్టుకు 14 మ్యాచ్‌లు. దెల్ పియెరో, పిరెస్, ట్రెజెగే వంటి మహామహులు తమ ఆటజీవితపు సంధ్యాకాలంలో వచ్చి, దర్శనమిచ్చి వెళ్ళారు. మన కుర్రవాళ్ళలో చాలామంది ఐ-లీగు క్లబ్బుల నుంచి అరువు మీద వచ్చి, పండుగ ముగియగానే తిరిగి వెళ్ళారు. అది లీగనడం కన్నా జాతర అనడం సమంజసం. తరువాత నెమ్మదిగా దారిలో పడింది. 2017-18లో 10 జట్లు, జట్టుకు 18 మ్యాచ్‌లు. 2023-24లో 12 జట్లు, 22 మ్యాచ్‌లు. 2024-25లో 13 జట్లు, 24 మ్యాచ్‌లు. పదేళ్ళు పట్టినా సరే, సెప్టెంబరులో మొదలై ఏప్రిల్‌లో ముగిసే ఏడు నెలల సీజన్ మనకు ఏర్పడింది.

అంతలో అంతా తలకిందులయింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో కుదుర్చుకున్న పదిహేనేళ్ళ వాణిజ్య ఒప్పందం 2025 డిసెంబరుతో ముగియవలసి ఉండగా, కొత్త ఒప్పందం తేలలేదు. ఆ ఏడాది జూలైలో లీగు నిర్వాహకులు తదుపరి సీజన్‌ను నిలిపివేస్తున్నట్టు చెప్పారు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్.సి. తన మొదటి జట్టు ఆటగాళ్ళకు, సిబ్బందికి జీతాలు ఆపింది. నవంబరులో వాణిజ్య హక్కుల టెండరు గడువు ముగిసేసరికి ఒక్కరూ ముందుకు రాలేదు. 2026 జనవరి మొదట్లో సునీల్ ఛేత్రి, గుర్‌ప్రీత్ సింగ్ సంధు, సందేశ్ ఝింగన్ వంటి ఆటగాళ్ళు కలిసి వీడియో ద్వారా ఫిఫా జోక్యం కోరవలసి వచ్చింది. దేశానికి నాయకత్వం వహించినవారు ‘మమ్మల్ని ఆడనివ్వండి’ అని ప్రాధేయపడడం కన్నా దైన్యం మరొకటి ఉంటుందా? చివరకు జనవరి 6న కేంద్ర క్రీడల మంత్రి మన్సుఖ్ మాండవియా లీగు ఫిబ్రవరి 14న మొదలవుతుందని ప్రకటించారు. 14 జట్లు, మొత్తం 91 మ్యాచ్‌లు. అంటే ప్రతి జట్టూ మిగిలిన ప్రతి జట్టుతో ఒక్కసారే ఆడడం. జట్టుకు 13 మ్యాచ్‌లు.

2025 ఏప్రిల్ 12న జరిగిన ఫైనల్ నుంచి చూస్తే సరిగ్గా పది నెలల పాటు దేశపు అగ్రశ్రేణి లీగులో ఒక్క మ్యాచ్ కూడా లేదు. మధ్యలో సూపర్ కప్పు జరిగిన మాట నిజమే. కాని గ్రూపు దశ దాటని జట్టుకు అందులో దక్కేవి 3 మ్యాచ్‌లు.

ఆ పరిస్థితిలో అసలు జరగకపోవడం కన్నా 13 మ్యాచ్‌లు జరపడమే మేలన్నది కాదనలేని మాట. మునిగే పడవలో దొరికిన తెడ్డుతోనే తోసుకోవాలి. నా అభ్యంతరం ఆ ఒక్క ఏటి నిర్ణయం గురించి కాదు. “చిన్న సీజనే మనకు చాలు, ఖర్చు కలిసివస్తుంది” అన్న వాదన దానిని ఆసరాగా చేసుకొని స్థిరపడకూడదన్నదే నా ఆందోళన.

ఎందుకో చెబుతాను. 13 మ్యాచ్‌లన్నీ పూర్తిగా ఆడిన వ్యక్తికి లీగులో దొరికేది 1170 నిమిషాలు. 24 మ్యాచ్‌లయితే 2160. ఇంగ్లండులో 3420. అయితే ఈ లెక్క నికరంగా జట్టులో ఉండేవాడిది. ఇరవై ఏళ్ళ కుర్రవాడి లెక్క వేరు. 38 మ్యాచ్‌ల సీజన్‌లో శిక్షకుడు నాలుగు మ్యాచ్‌లు ఓడినా కోలుకునే వ్యవధి ఉంటుంది కనుక కుర్రవాణ్ణి దింపి చూస్తాడు. వాడు తప్పులు చేస్తాడు, నేర్చుకుంటాడు. 13 మ్యాచ్‌లలో ప్రతి పాయింటూ ప్రాణసమానమే. అక్కడ శిక్షకుడు అనుభవజ్ఞుణ్ణే నమ్ముకుంటాడు, కుర్రవాడు బెంచీ మీదనే ఏడాది గడుపుతాడు. సీజన్‌ను సగం చేస్తే కుర్రవాడి అవకాశం సగం కాదు, దాదాపు శూన్యమవుతుంది. ఈ నష్టం ఆ ఏడు కనబడదు. అయిదేళ్ళ తరువాత జాతీయ జట్టులో కనబడుతుంది. 2023 జూలైలో ఫిఫా ర్యాంకులలో 99వ స్థానంలో ఉన్న మన జట్టు, 2025 అక్టోబరు 14న గోవాలో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి 2027 ఆసియా కప్పు అవకాశం పోగొట్టుకున్నది. దానికి సీజన్ నిడివి ఒక్కటే కారణమని నేననను. కాని ఆటగాళ్ళు మ్యాచ్‌లు లేక నెలల తరబడి ఖాళీగా ఉన్న దేశం ఇంతకన్నా ఏమి ఆశించగలదు?

ఇక రెండవది కూటి ప్రశ్న. హైదరాబాదు వాళ్ళం గనుక మనకు ఒక పూర్వవైభవం ఉన్నది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన నడిపిన భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఆ తరం వాడే. “ఆనాడు జాతీయ లీగే లేదు కదా, పొడుగు సీజన్ లేకుండానే గెలిచారు కదా” అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, జాతీయ స్థాయి లీగు మనకు 1996లో గాని రాలేదు. కాని ఆ ఆటగాడు పోలీసు ఉద్యోగి, లేదా రైల్వే ఉద్యోగి. ఆట ఉన్నా లేకున్నా ఒకటవ తారీఖున జీతం వచ్చేది. పొద్దున్నే మైదానంలో సాధన ఉండేది. నేటి ఆటగాడు వృత్తి నిపుణుడు. అతనికి క్లబ్బు ఒప్పందమే ఉద్యోగం. ఉద్యోగ భద్రత తీసివేసి, దాని స్థానంలో మూడు నెలల ఆట చూపించి ‘ప్రొఫెషనల్’ అని పేరు పెడితే, అది వృత్తి అనిపించుకోదు. సీజన్ కూలీ అవుతుంది.

మన నగరపు క్లబ్బు కథే ఇందుకు ఉదాహరణ. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి లీగు విజేత అయింది. ఆ రాత్రి నేనూ గొంతు పోయేలా అరిచినవాణ్ణే. రెండేళ్ళు తిరక్కుండానే జీతాల బకాయిలు, ఆటగాళ్ళ వలసలు. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకున్నది. గచ్చిబౌలి స్టేడియంలో అభిమానులు కూడుకునే సాయంత్రాలు పోయాయి. క్లబ్బంటే ఒక ఊరి అలవాటు. పదిహేను రోజులకొకసారి మన ఊళ్ళో ఆట ఉంటుందన్న నమ్మకం మీద ఆ అలవాటు ఏర్పడుతుంది. 13 మ్యాచ్‌లలో సొంత ఊళ్ళో జరిగేవి 6 లేదా 7. ఏడాదికి ఆరు సాయంత్రాలతో ఎవరికీ ఏ అలవాటూ కాదు.

ఖర్చు మాటకు వద్దాం. క్లబ్బులు నష్టాలలో ఉన్నాయన్నది అబద్ధం కాదు. అయితే క్లబ్బుకు ప్రధానమైన వ్యయం జీతాలు. మ్యాచ్‌లు తగ్గితే టిక్కెట్లు, ప్రకటనలు, ప్రసారం ద్వారా వచ్చే ఆదాయం తగ్గుతుంది. జీతం తగ్గాలంటే మాత్రం ఆటగాడి కడుపు మీద కొట్టాలి. ప్రయాణాల ఖర్చు తగ్గించుకునేందుకు మార్గాలున్నాయి. తూర్పుకు వెళ్ళిన జట్టు ఒకే యాత్రలో రెండు మ్యాచ్‌లు ముగించుకు రావచ్చును.

వాతావరణం సాకు కూడా వినబడుతుంది. వానలు, ఎండలు మనకు నిజమైన సమస్యలే. కాని సెప్టెంబరు నుంచి ఏప్రిల్ వరకు దేశంలో ఎక్కువ భాగం ఆటకు అనువైనదే. ఫిబ్రవరి మధ్యలో మొదలుపెడితే మండుటెండలో, అదీ మార్చి చివరి నుంచి మే దాకా సాగే ఐపీఎల్‌కు ఎదురుగా ఆడవలసి వస్తుంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమంటే ఇదే.

జపాన్‌ను చూడండి. అక్కడి జె.లీగు చిరకాలంగా ఫిబ్రవరి నుంచి డిసెంబరు వరకు సాగేది. దానిని ఐరోపా తరహాలో ఆగస్టుకు మార్చాలన్న నిర్ణయం 2023 డిసెంబరులో తీసుకున్నారు. అమలుకు 2026 ఆగస్టును నిర్ణయించారు. నడుమ ఏర్పడే ఖాళీ కోసం 2026 మొదటి సగంలో ప్రత్యేకంగా ఒక పోటీనే ఏర్పాటు చేశారు. ఆటగాళ్ళు ఖాళీగా కూర్చోకూడదన్న స్పృహ వారికి ఉన్నది. వారు రెండున్నరేళ్ళ ముందు చెప్పిన మార్పును మనం అయిదు వారాల ముందు చెప్పాము.

కనుక నా అభిప్రాయం ఇది. లీగులో ప్రతి జట్టుతోనూ ఇంటా బయటా రెండుసార్లు ఆడడం తప్పనిసరి కావాలి. 14 జట్లయితే 26 మ్యాచ్‌లు. కప్పులతో కలిపి ఏ ఆటగాడికీ ఏడాదికి ముప్పై మ్యాచ్‌ల అవకాశం తగ్గకూడదు. సీజన్ తేదీలు కనీసం రెండేళ్ళ ముందు ప్రకటించాలి. ఒప్పందాలు పన్నెండు నెలలకు ఉండాలి, ఆట ఆగితే ఆ భారం మొదట ఆటగాడి మీద పడకూడదు. ఇవేవీ గొంతెమ్మ కోర్కెలు కావు.

పదమూడు చాలునని వాదించే మిత్రులతో నాకు పేచీ లేదు. వారు చెప్పేది సావధానంగా వింటాను. ముందు ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు కావాలి: మిగిలిన తొమ్మిది నెలలూ ఆ కుర్రవాడు ఏమి చెయ్యాలి?