పాత జీపుకు తొందర వైద్యం

పాత డీజిలు జీపు ఒక ఉదయం మొరాయిస్తే చాలు, ‘ఇంజను పోయింది, మార్చేద్దాం’ అనే మాట ఊళ్ళలో ముందుగా వినిపిస్తుంది. ఈ తొందర తగదు. పానా, స్క్రూడ్రైవరు, కాస్త ఓపిక ఉంటే చాలా లోపాలు ఇంటి ముందే దొరుకుతాయి.

సెల్ఫు బాగా తిరుగుతున్నా ఇంజను అంటుకోలేదంటే ముందు అనుమానించవలసింది డీజిలు గొట్టాలలో చేరిన గాలిని. బీట వారిన రబ్బరు గొట్టం, అరిగిన రాగి వాషరు చాలు గాలి దూరడానికి. వాటిని మార్చి, ఫిల్టరు మీది గాలి తీసే స్క్రూ వదులు చేసి, ప్రైమింగు పంపును చేత్తో కొట్టాలి. బుడగలు ఆగి డీజిలు ధారగా వచ్చాక స్క్రూ బిగించాలి. సెల్ఫే తిరగకపోతే బ్యాటరీ మొనలు, ఛాసిస్‌కు బిగించిన ఎర్తు తీగ కొస తుప్పు గీకి చూడాలి. వీటిలో ఏదీ చూడకుండా ఇంజను దింపించేవారే ఎక్కువ!

నిజంగా ఇంజను మార్చక తప్పకపోతే రవాణా శాఖ అనుమతి ముందే పొందాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఇందుకోసమే ఉంది. సొంత బండికి 15 ఏళ్ళు నిండాక రిజిస్ట్రేషను పొడిగింపుకు వెళ్ళినప్పుడు నంబరు కలవకపోతే చిక్కే.

బ్రేకులతో మాత్రం ప్రయోగాలు కూడదు. బ్రేకు ఆయిలు తగ్గిందని ఇంజను ఆయిలు పోసేవారు లేకపోలేదు. ఆ నూనెకు లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి, బ్రేకు పట్టేయడమో, అసలు పడకపోవడమో జరుగుతుంది. సంతకు జనాన్ని కిక్కిరిసి ఎక్కించుకుపోయే బండికి (అలా ఎక్కించకూడదన్నది వేరే సంగతి) ఇది ప్రాణాల మీది మాట. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరడమూ అంతే. ఛాసిస్ కింద గట్టి చెక్క దిమ్మెలు పెట్టాకే దూరాలి.