అడవి అంచున సద్దు చెయ్యని డిస్కు

ఇంటి కంప్యూటరుకు హార్డు డిస్కు కొనబోయినప్పుడు మనం అడిగే ప్రశ్నలు మూడే. ఎంత పడుతుంది? ఎంత వేగం? ఎంత ధర? "ఎంత సద్దు చేస్తుంది?" అని అడిగేవారు అరుదు. అడిగితే దుకాణదారు వింతగా చూస్తాడు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం అడవుల వైపు వెళ్ళేకొద్దీ ఈ నాలుగో ప్రశ్నే మొదటి ప్రశ్న కావాలని నా అభిప్రాయం. ఇది సుఖం మరిగినవాడి గొంతెమ్మ కోరిక అని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. కాదని చెప్పడానికే ఈ టపా.

హైదరాబాదు వంటి నగరంలో రాత్రి రెండు గంటలకు కూడా రోడ్డు మోత సన్నగా వినబడుతూనే ఉంటుంది. ఆ మోత అడుగున డిస్కు గొణుగుడు మునిగిపోతుంది. దుమ్ముగూడెం, చర్ల వైపు ఊళ్ళలో రాత్రి అలా ఉండదు. వాహనాల రాకపోకలు తగ్గాక మిగిలేవి కీచురాళ్ళు, కప్పలు, ఎక్కడో ఒక కుక్క. "మరి ఆ కీచురాళ్ళ రొద చాలదా, డిస్కు సద్దును మింగడానికి?" అంటారేమో. చాలదు. కీచురాయి గొంతు సెకనుకు కొన్ని వేల కంపనాల స్థాయిలో ఉంటుంది. డిస్కు గొణుగుడు నూరు కంపనాల చుట్టుపక్కల ఉంటుంది. మంద్రమైన ధ్వని తారస్థాయి ధ్వనిని కప్పివేయగలదు గాని, తారస్థాయి ధ్వని మంద్రాన్ని కప్పలేదు. మన చెవి నిర్మాణమే అటువంటిది. అందువల్ల అడవి ఎంత రొద చేసినా బల్ల కింది డిస్కు దారి డిస్కుదే.

వేసవిలో ఈ సంగతి తెలియదు. సీలింగు ఫ్యాను అన్నిటినీ కప్పేస్తుంది. కార్తీకం వచ్చి ఫ్యాను ఆగిన తరువాత, ఒకే గదిలో పిల్లలు నిద్రపోతుండగా కూర్చుని రాసుకునేవారికి డిస్కు ఉనికి అర్థమవుతుంది.

అయితే నిద్రాభంగం చిన్న విషయం. పెద్ద విషయం వేరే ఉన్నది.

ఈ ప్రాంతపు వాఙ్మయంలో ముఖ్యమైన భాగం కాగితం మీద లేదు, గొంతుల్లో ఉన్నది. కోయల వంశగాథలు, వేల్పుల కథలు డోలి మోగిస్తూ పాడేవారి నోట నిలిచినవి. మణుగూరు ప్రాంతపు డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. అటువంటి మనిషి వెళ్ళిపోతే, ఎవరైనా రికార్డు చేసి ఉంచినంతే మనకు మిగులుతుంది. పురస్కారం అందని పెద్దల సంగతి చెప్పనక్కరలేదు. వారి పాటలను స్టూడియోలో రికార్డు చేయించే స్తోమత, తీరిక ఎవరికున్నాయి? ఆసక్తిగల ఒక ఉపాధ్యాయుడో, కాలేజీ కుర్రవాడో తన ఇంట్లో, తన కంప్యూటరు ముందు, ఒక మైకు పెట్టి చేసే పని ఇది. మైకు బాగుండాలని అందరూ చూస్తారు. ఫ్యాను ఆపుతారు, తలుపు మూస్తారు, పిల్లలను బయటికి పంపుతారు. బల్ల కింద తిరుగుతున్న డిస్కును మాత్రం మరిచిపోతారు.

నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు అంటే సెకనుకు 120 చుట్లు. కనుక దాని గొణుగుడు 120 కంపనాల దగ్గర, ఆపైన 240, 360 దగ్గర వినబడుతుంది. మగవారి గొంతు మూలశ్రుతి ఇంచుమించు 85 నుంచి 180 కంపనాల మధ్య ఉంటుంది. డోలు బొంగురుతనమూ ఆ దరిదాపులదే. అంటే డిస్కు వచ్చి కూర్చునేది సరిగ్గా గాయకుడి ఒళ్ళోనే! తరువాత సాఫ్టువేరుతో వడపోయవచ్చు గదా అంటే, పొయ్యవచ్చు. డిస్కుతో పాటు గొంతులోని నిండుతనం కూడా కొంత పోతుంది. బియ్యంలో రాళ్ళు ఏరవచ్చు గాని, పిండిలో కలిసిన ఇసుకను ఏరలేము.

అసలు ఈ సద్దు ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. తిరిగే డిస్కుకు రెండు సద్దులు. ఒకటి, పళ్ళెం ఆగకుండా తిరిగే గొణుగుడు. రెండోది, చదివే హెడ్డు ఒక చోటి నుంచి మరో చోటికి ఉరికేటప్పుడు వచ్చే టకటక. పాత డిస్కుల్లో మోటారు గుళ్ళ బేరింగు మీద తిరిగేది. అరిగినకొద్దీ కీచుమనేది. 2001లో సీగేట్ బారాకుడా ఏటీఏ-4 డిస్కును ద్రవ బేరింగుతో తెచ్చింది. బండి ఇరుసుకు కందెన వేసినట్లు, లోహానికీ లోహానికీ మధ్య పలుచని నూనె పొర. తరువాత కొద్ది కాలంలోనే మిగిలిన కంపెనీలూ ఆ దారినే పట్టాయి. కనుక ఇవాళ కీచు సమస్య దాదాపు తీరినట్లే. మిగిలింది గొణుగుడు. దాన్ని పెంచేది చాలా మటుకు డిస్కు కాదు, మనమే. రేకు క్యాబినెట్టుకు మరలతో బిగిస్తే రేకు మోగుతుంది. ఆ క్యాబినెట్టును బోలు చెక్కబల్ల మీద పెడితే బల్ల మోగుతుంది. వీణకు కుండ ఎందుకు పెడతారో, అదే ఇక్కడ మనం కోరకుండా జరుగుతుంది. ఒకే వేగంతో తిరిగే రెండు డిస్కులను పక్కపక్కన బిగిస్తే ఇంకా చికాకు. వాటి వేగాల్లోని అతి చిన్న తేడా వల్ల గొణుగుడు పెరుగుతూ తగ్గుతూ అలలుగా వస్తుంది. నిలకడగా ఉన్న సద్దును చెవి కాసేపటికి మరుస్తుంది గాని, ఇటువంటి దాన్ని మరవదు.

ఇక కొనేటప్పుడు ఏం చూడాలి? బ్రాండు పేరు చెప్పమని మిత్రులు అడుగుతారు. పేరు చెప్పడం మేలు కాదు. ఐబీఎం డిస్కుల వ్యాపారం 2003లో హిటాచీకి పోయింది. శామ్‌సంగ్‌ది 2011లో సీగేట్ కొన్నది. హిటాచీది 2012లో వెస్టర్న్ డిజిటల్‌లో కలిసింది. ఒకే పేరు మీద వచ్చే డిస్కులు కూడా పరిమాణాన్ని బట్టి లోపల వేరువేరుగా ఉంటాయి. పేరు కంటే లక్షణం నమ్మదగినది.

మొదటి లక్షణం చుట్ల వేగం. 5400 చుట్ల డిస్కు 7200 చుట్ల దాని కంటే సాధారణంగా నెమ్మదస్తురాలు. ల్యాప్‌టాప్ కోసం చేసిన రెండున్నర అంగుళాల డిస్కు ఇంకా నెమ్మది. రెండోది, తయారీదారుల పత్రంలో ఉండే సద్దు అంకె. దాన్ని తరచు బెల్‌లలో ఇస్తారు. 2.5 బెల్ అంటే 25 డెసిబెల్. "2.5కూ 2.8కీ ఏమంత తేడా?" అనిపిస్తుంది. ఆ 0.3 తేడాకు ధ్వనిశక్తి రెట్టింపవుతుంది. పైగా అది డిస్కు మొత్తంగా వెలువరించే శక్తి. మన కుర్చీ దగ్గర వినబడే స్థాయి కాదు. ఒక కంపెనీ ఒకటి, మరొకటి మరొకటి రాస్తే రెంటినీ పోల్చకూడదు. ఇంతా చేసి ఆ కొలత విడి డిస్కుది. మన రేకు డబ్బా, మన బల్ల ఆ లెక్కలో ఉండవు.

చుట్ల వేగం విషయంలోనూ ఒక తిరకాసు ఉన్నది. వెస్టర్న్ డిజిటల్ తన డిస్కులు కొన్నిటి మీద "5400 తరగతి" అని రాసేది. 2020లో కొందరు వాడుకరులు ఆ డిస్కుల సద్దును మైకుతో పట్టి విశ్లేషించి చూస్తే 120 కంపనాల దగ్గర గీత కనబడింది. అంటే అవి నిజానికి తిరుగుతున్నది 7200 చుట్లు. "తరగతి" అన్నది పనితీరుకు సంబంధించిన మాట అని కంపెనీ సమాధానం. మాట చాటున దాగిన సత్యాన్ని చెవి పట్టుకున్నదన్నమాట. కొనే ముందు ఆ "తరగతి" అనే మాట ఉన్నదా అని ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇంత రామాయణం ఎందుకు, తిరిగే భాగమే లేని ఎస్‌ఎస్‌డీ కొంటే సరిపోతుంది గదా అనేవారున్నారు. పని చేసే డిస్కు మట్టుకు నేనూ అదే అంటాను. రికార్డు చేసే కంప్యూటరులో తిరిగే డిస్కు ఉండనే కూడదు. ఇది పెద్ద ఖర్చు కూడా కాదు. నాణ్యమైన స్టీరియో ధ్వనిని కుదించకుండా దాచినా గంటకు సుమారు ఒక గిగాబైటు. వంద గంటల పాట వంద గిగాబైట్లలో ఇమిడిపోతుంది. వీడియోలు, ఫొటోలు పోగుపడినప్పుడే పెద్ద డిస్కు కావాలి. అక్కడ తిరిగే డిస్కు ఇప్పటికీ చవక. దాన్ని క్యాబినెట్టులో బిగించకుండా విడిగా పెట్టెలో ఉంచి, ప్రతి తీసేటప్పుడు మాత్రమే తగిలించాలి. సద్దు చెయ్యని డిస్కుల్లో ఆపి ఉంచిన డిస్కును మించినది లేదు.

ఎస్‌ఎస్‌డీకి ఒక బలహీనత ఉన్నది. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పడేస్తే అది తన జ్ఞాపకాన్ని నెమ్మదిగా పోగొట్టుకుంటుంది. ఇంటి వాడకపు ఎస్‌ఎస్‌డీల ప్రమాణం కోరేది కూడా, వాడకపు ఆయువు తీరిన దశలో 30 డిగ్రీల వద్ద ఒక ఏడాది నిలుపుదల మాత్రమే. కొత్త డిస్కు అంతకంటే చాలా కాలం నిలుస్తుంది గాని, వేడి పెరిగినకొద్దీ ఆ గడువు తరుగుతుంది. మే నెలలో భద్రాచలం వైపు రేకుల ఇంట్లో మూసిన బీరువా ఎంత వేడెక్కుతుందో మనకు తెలియనిది కాదు. అందువల్ల పనికి ఎస్‌ఎస్‌డీ, దాపుకు తిరిగే డిస్కు. ఆ తిరిగే డిస్కునైనా సద్దు అణచడానికి స్పాంజిలోనో పాత దుప్పటిలోనో చుట్టకూడదు. వాడుతున్నప్పుడు దాని ఒంటి వేడి సాధారణంగా 60 డిగ్రీలు దాటకూడదు. గాలి 45 డిగ్రీలున్న రోజున మిగిలే వెసులుబాటు ఎంత? నాలుగు రబ్బరు వాషర్లు చాలు. క్యాబినెట్టు కింద మందపాటి రబ్బరు చాపైనా సరే.

నిశ్శబ్దాన్ని ఆరోగ్యంగా భ్రమపడే ప్రమాదం ఇంకొకటి. పాతకాలపు డిస్కు పోయే ముందు మూలిగేది, టకటకలాడేది. విన్నవారు తేరుకునేవారు. ఇప్పటి మెత్తని డిస్కు ఆ కబురు చెప్పకుండానే పోవచ్చు. డిస్కు తనంతట తాను రాసుకునే ఆరోగ్య వివరాలూ పూర్తి భరోసా ఇవ్వవు. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ ఇంజనీర్లు 2007లో ప్రకటించిన పత్రం ప్రకారం, చెడిపోయినవాటిలో మూడో వంతుకు పైగా డిస్కులు ఆ వివరాల్లో ఏ హెచ్చరికా చూపకుండానే పోయాయి. కాబట్టి సద్దులేని డిస్కు కొన్నవారికి రెండో ప్రతి మరింత అవసరం.

ఆ రెండో ప్రతి ఎక్కడ ఉండాలి? అదే ఇంట్లో ఉంటే ఒకటే ప్రతి ఉన్నట్లు లెక్క. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3. ఇల్లు వదిలి పరుగెత్తేవారు బియ్యం, పిల్లలను చూసుకుంటారు గాని బల్ల కింది డిస్కును చూసుకోరు, చూసుకోవాలని అనడమూ తప్పే. కనుక అది ముందే వేరే ఊళ్ళో ఉండాలి. ఖమ్మంలో బంధువుల ఇంట ఉంచినా కింది అంతస్తులో వద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు ఖమ్మానికి ఏం చేసిందో చూశాము. నీటికి చిన్నా పెద్దా లేదు. 2011లో థాయిలాండు వరదల్లో డిస్కులు చేసే కర్మాగారాలే మునిగి, ప్రపంచమంతటా వాటి ధరలు పెరిగాయి.

మొత్తం మీద నేను చెప్పేది ఇది. ఇంటి పనికి తిరిగే డిస్కులో వేగం మనకు అక్కరలేని వైభవం. వేగం కావలసిన చోటికి ఎస్‌ఎస్‌డీ ఉన్నది. ఉన్న డబ్బులో తక్కువ చుట్ల డిస్కులు రెండు కొని, ఒకటి ఊరు దాటించడం, ఒక్క వేగమైన డిస్కు కొని నమ్ముకోవడం కంటే వివేకం. నగరవాసి నిశ్శబ్దాన్ని తన చెవి సుఖం కోసం కొనుక్కుంటాడు. అడవి అంచున ఉన్నవాడికి అది వినవలసిన గొంతుకు ఇచ్చే మర్యాద. ఒక పెద్దాయన డోలి చేతబట్టి మన ఇంటికి వచ్చి పాడటానికి కూర్చున్నప్పుడు, ఆ గదిలో ఆయన తప్ప మరెవరూ మాట్లాడకూడదు. కంప్యూటరు కూడా.