మీ అర్హత ఎక్కడ ఆగుతోంది?

"నా బ్రాంచ్‌కి ఉద్యోగాల్లేవ్, నాలుగేళ్లూ వేస్ట్" అనుకుంటున్నారా? ఒక్కసారి టంగుటూరి ప్రకాశం పంతులు కెరీర్ చూడండి. తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచింది. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడర్‌గా బాగానే సంపాదించారు. కానీ ఆ అర్హతతో హైకోర్టులో వాదించడానికి వీల్లేదు. అందుకే లండన్ వెళ్లి బారిస్టరై వచ్చారు. మద్రాసులో పేరు తెచ్చిన ఆ ప్రాక్టీసునే 1921లో వదిలేసి 'స్వరాజ్య' పత్రిక నడిపారు. 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

వృత్తి మారినా, కోర్టులో అబ్బిన వాదనా పటిమ పత్రికలోనూ, శాసనసభలోనూ అక్కరకొచ్చింది. అలాగని రేపే అన్నీ వదిలేయమనను. ఆయన సంపాదనంతా కరిగిపోయింది. అంత నష్టం మనలో ఎందరు తట్టుకోగలరు? ముందు మీ అర్హత ఎక్కడ ఆగిపోతోందో, దాన్ని దాటడానికి ఏం నేర్చుకోవాలో కాగితం మీద రాసుకోండి. బ్రాంచ్‌ను తర్వాత తిట్టుకోవచ్చు!